ట్యాంకు కట్టేది మేస్త్రీ, పని చేసేది మన్ను

పొలం కాడ ఇల్లు కట్టుకునేటోళ్ళు ఎక్కువైతున్నరు. బోరు ఎక్కడ వెయ్యాల్నో పదిమందిని అడుగుతం. లెట్రిన్ గుంత ఎక్కడ తవ్వాల్నో మాత్రం మేస్త్రీకే వదిలేస్తం. ఆ గుంత నీళ్ళు, మనం తాగే నీళ్ళు ఒకే భూమిలో ఉంటయి. అందుకే ఈ గుంతల చరిత్ర కొంచెం ఓపికగా చదవండి.

1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో కలరా వచ్చి కొద్దిరోజుల్లనే 600 మందికి పైగా చనిపోయిన్రు. జాన్ స్నో అనే డాక్టరు లెక్కలు తీసి, అందరూ ఒకే బోరింగు నీళ్ళు తాగిన్రని తేల్చిండు. తర్వాత తవ్వి చూస్తే, ఆ బావికి దాదాపు మూడు అడుగుల దూరంలనే ఒక ఇంటి మురికిగుంత ఉన్నది. దాని ఇటుకలు పాడై, మురికి మన్నులో నుంచి బావిలకు దిగింది.

సెప్టిక్ ట్యాంకు పుట్టింది ఫ్రాన్స్‌లో. జాన్ లూయీ మురా అనే ఆయన 1860 ప్రాంతంలో ఇంటికి ఒక మూసిన తొట్టి కట్టిండు. ఏండ్ల తర్వాత తెరిస్తే గట్టి మలం చానా తక్కువ, అంతా నీళ్ళే. 1881లో దానికి పేటెంటు తీసుకున్నరు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ ఇట్లాంటిదే కట్టి, ‘సెప్టిక్ ట్యాంకు’ అని పేరు పెట్టిండు. అందరూ పని అయిపోయిందనుకున్నరు. అయిపోయింది సగమే. ట్యాంకు మలాన్ని కరిగిస్తది గానీ, బయటికొచ్చే నీళ్ళల్ల రోగక్రిములు అట్లనే ఉంటయి. వాటిని వడగట్టేది మన్నే.

ఈ సంగతి అమెరికా పల్లెల్లో బాగా తెలిసొచ్చింది. గుంతలు నిండి, నీళ్ళు పైకి ఉబికినయి. 1920లలో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ అనే ఇంజనీరు, నీళ్ళు మన్నులకు ఎంత వేగంగా ఇంకుతున్నయో కొలిచే పద్ధతి పెట్టిండు. 1957లో అక్కడి ప్రజారోగ్య శాఖ పుస్తకంల కూడా ఆ కొలతే వచ్చింది. ఇంకుడు పరీక్ష అన్నది దాని పేరు.

మన దేశంలో బిందేశ్వర్ పాఠక్ 1970లో బీహార్‌లో సులభ్ సంస్థ పెట్టి, రెండు గుంతల లెట్రిన్‌ను ఊరూరా తీసుకపోయిండు. ఒకటి నిండితే మూసి, రెండోది వాడాలె. మూసింది రెండేండ్లల్ల ఎరువైతది. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైనంక మన ఊళ్ళల్లకూ ఇవే వచ్చినయి. అయినా మలం గుంత అంటే అందరికీ రోత. ఆ రోత పోగొట్టాలని 2017 ఫిబ్రవరిలో మన వరంగల్ దిక్కు గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలకు దిగి ఎరువు ఎత్తిండు. అది మూసిపెట్టి, మాగిన గుంత కాబట్టి దిగిండు. వాడకంలో ఉన్న ట్యాంకులకు ఎవ్వరినీ దించొద్దు. 2013 చట్టం ప్రకారం అది నేరం. లోపల గాలికి ప్రాణమే పోతది.

ఇగ మన భూముల సంగతి. ఎర్ర చెలకలో నీళ్ళు మంచిగ ఇంకుతయి. నల్లరేగడి వానకాలం ఉబ్బి మూసుకపోతది, గుంత పొంగుతది. ఉత్త ఇసుకైతే నీళ్ళు వడకట్టకముందే జారిపోతయి. పైన జానెడు మన్ను, కింద పగుళ్ళ బండ ఉంటే ఇంకా ప్రమాదం. ఆ పగుళ్ళల్లనుంచి మురికి నేరుగా బోరుకు పోవచ్చు. తవ్వినప్పుడు మన్నుల బూడిద రంగు మచ్చలు కనిపిస్తే, అక్కడ ఏడాదిలో కొన్నాళ్ళు నీళ్ళు నిలుస్తయని గుర్తు.

పరీక్ష ఖర్చు లేనిది. ఇంకుడు గుంత ఎంత లోతు ఉంటదో అంత లోతుకు చిన్న గుంత తియ్యండి. పక్కలు గీకి, అడుగున రెండు అంగుళాల కంకర వెయ్యండి. మీద అడుగు ఎత్తు నీళ్ళు పోసి రాత్రంతా నాననియ్యండి. తెల్లారి కంకర మీద ఆరు అంగుళాల నీళ్ళుంచి, అరగంట చూడండి. అంగుళం గానీ అంతకు మించి గానీ దిగితే ఇంకుడు గుంతకు సరే. అర అంగుళం దాకా అయితే గుంత పనికిరాదు, పొడుగు కాలువ తీసి నీళ్ళు పారించాలె. అంతకూ తక్కువైతే ఆ జాగ వదిలెయ్యండి. నిమిషంలోపే అంగుళం దిగినా పనికిరాదు.

ఎండకాలం పరీక్ష మోసం చేస్తది. బాయిల నీళ్ళు పైకున్నప్పుడు, వానకాలం చివర్ల చూడండి. గుంత అడుగుకు, భూమిలోని నీళ్ళకు మధ్య రెండు మీటర్ల ఎడం ఉండాలె. చెరువు కింద, కాలువ కింద పొలాలల్ల ఇది దొరకుడు కష్టం. తాగే బాయికి, బోరుకు కనీసం పది మీటర్ల దూరం, అది కూడా వాలుకు కింది దిక్కు. కింద బండ ఉంటే ఈ పది మీటర్లను కూడా నమ్మొద్దు, ఇంకా దూరం జరగండి.

పైపులు, రింగులు తర్వాతైనా మార్చుకోవచ్చు. తవ్విన జాగ, పాడైన బోరు మాత్రం మళ్ళ మారవు. మేస్త్రీని పిలిచే ముందు ఒక్క రాత్రి ఆ చిన్న గుంతకు నీళ్ళు పొయ్యండి. మీ భూమిల ఎంత దిగిందో, ఏ మన్నో కింద రాయండి. నలుగురికి పనికొస్తది.