కాలమ్ లేని చదువు

1822 జూన్ 25న మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఒక మినిట్ రాశాడు. జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏ కులాల వాళ్ళు, ఏం చదువుతున్నారు, కలెక్టర్లు లెక్క తీసి పంపాలని దాని సారాంశం. మా అనంతపురం వాళ్ళకు మన్రో దొర కొత్తవాడేం కాదు. దత్త మండలాలు కుంపిణీ చేతికి వచ్చిన 1800 నుంచి ఏడేళ్ళు ఇక్కడ కలెక్టరు. పొలం పొలం కొలిపించి శిస్తు కట్టిన మనిషి. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళూ సీమలో ఉండేవారు. భూమి అయ్యాక చదువును కూడా లెక్కలోకి తెద్దామనుకున్నాడు. అందులో ఒక చదువు లెక్కకు సరిగా చిక్కలేదు. అదే ఇంటి చదువు. మండల విద్యాధికారిగా పనిచేసి రిటైరైన నాకు ఆ చిక్కు అనుభవమే. అందుకే ఈ పాత కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాను.

అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గానీ విడిపోలేదు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఇప్పటికీ ఆసక్తిగా చదివిస్తుంది. జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి, 235 కన్నడంవి. చదివేవాళ్ళు 6,641 మంది. పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారట. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి పెరుగుతుంది. అటెండెన్సు రిజిస్టరు లేని కాలంలో అరచేతులే రిజిస్టరు! ఇసకలో వేలితో దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం అన్నీ వివరంగా రాశాడు. ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. విలాయతి బట్ట వచ్చి నేతపని దెబ్బతిన్నది, జనం చితికిపోయారు, బడికి ఇచ్చుకోలేక, లేత చేతులకు కాస్త సత్తువ రాగానే పిల్లలను పనిలో పెడుతున్నారు, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదు. ఈ మాట రాసింది కుంపిణీ ఉద్యోగే.

జిల్లాల లెక్కలు వచ్చాక 1826 మార్చి 10న మన్రో వాటిని క్రోడీకరించాడు. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు. అయితే మద్రాసు పట్నం కలెక్టరు మరో అంకె కూడా పంపాడు. ఇళ్ళలో చదువుకుంటున్న పిల్లలు 26 వేలకు పైనే, బడులకు వెళ్ళేవాళ్ళకు దాదాపు అయిదింతలు. మన్రోకు నమ్మబుద్ధి కాలేదు. ఎక్కడో పొరపాటు ఉండొచ్చంటూనే, బంధువుల దగ్గరో, ఇంటికి పిలిపించుకున్న అయ్యవార్ల దగ్గరో చదివేవాళ్ళు తక్కువేం కాదని ఒప్పుకున్నాడు. మిగతా కలెక్టర్లలో చాలామంది అసలు ఆ లెక్కే పంపలేదు. గుంటూరు కలెక్టరు మాత్రం పైచదువు గురించి ఒక ముక్క రాశాడు. వేదాంతం, ధర్మశాస్త్రం, జ్యోతిషం పండితులు ఇళ్ళలోనే రుసుం పుచ్చుకోకుండా చెబుతున్నారని, అలాంటి చోట్లు 171 అని, విద్యార్థులు 939 మంది అని.

ధరంపాల్ 1983లో ఈ కాగితాలన్నీ పుస్తకంగా వేశాక, మన పూర్వులంతా చదువుకున్నవాళ్ళేనని సభల్లో చెప్పేవాళ్ళు పెరిగారు. వాళ్ళకొక మనవి. బడి ఈడు మగపిల్లల్లో బడికి వెళ్ళేవాళ్ళు నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, ఇంటి చదువులు కలుపుకొంటే మూడో వంతు దాకా రావచ్చు అని మన్రోయే లెక్క కట్టాడు. ఆడపిల్లలు ఆ పట్టికల్లో దాదాపు లేరు. ఇంటి చదువు ఉన్నది, అయ్యవారిని పిలిపించుకోగల ఇంట్లో. మిగిలిన ఇళ్ళలో క్యాంబెల్ చెప్పిన లేత చేతులు పనిలో ఉన్నాయి. ఇంటి చదువు మీద ఏ దేశం చట్టం చేసినా ఈ రెండు రకాల ఇళ్ళలో దేన్ని ఎదుట పెట్టుకుని చేసిందో చూస్తే చాలు, ఎందుకలా చేసిందో తెలిసిపోతుంది.

ఇంగ్లండు సంగతే చూడండి. 1870 విద్యాచట్టం ఊళ్ళలోని స్కూలు బోర్డులకు, పిల్లలను తప్పకుండా బడికి పంపించే నిబంధనలు పెట్టుకునే అధికారం ఇచ్చింది. 1880లో అది దేశమంతటా తప్పనిసరైంది. ఫ్యాక్టరీలకు, గనులకు పోయే పిల్లలే ఆ చట్టం గురి. కానీ పార్లమెంటులో కూర్చున్న దొరల పిల్లలకు ఇంట్లోనే గవర్నెస్‌లు, ట్యూటర్లు. తమ పిల్లలు తమ చట్టానికే దొరికితే ఎలా? అందుకని పిల్లవాడికి మరో విధంగా సరైన చదువు అందుతుంటే బడికి రాకపోవడం నేరం కాదని అందులోనే ఒక వెసులుబాటు పెట్టారు. 1944 చట్టం 36వ సెక్షను దాన్నే కొనసాగించింది. పిల్లలను చదివించడం తల్లిదండ్రుల బాధ్యత, బడిలోనైనా సరే, మరోలాగైనా సరే. పెద్దవాళ్ళ కోసం వదిలిన ఆ సందులోంచి తర్వాత మామూలు జనం దూరారు. 1950ల్లో నార్ఫోక్‌లో ఒక తల్లి పిల్లలను బడికి పంపనని భీష్మించి, ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి తన పద్ధతికి అధికారుల చేత సరే అనిపించుకుంది.

నా కొడుకు రెడింగ్‌లో ఉంటాడు. మనవరాలిని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తామన్నప్పుడు ఫోన్లో నేను గట్టిగానే అరిచాను. "నాన్నా, హెడ్ టీచర్‌కు ఒక్క ఉత్తరం రాస్తే చాలు, పేరు తీసేసి కౌన్సిల్‌కు వాళ్ళే చెబుతారు" అన్నాడు. నిజంగానే అంతే అయింది. కొన్నాళ్ళకు కౌన్సిల్ నుంచి ఏం చదివిస్తున్నారో తెలపమని మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. కోడలు లెక్కలు, సైన్సు, మ్యూజియం, ఈత, తెలుగు అని ఒక పేజీ రాసి పంపింది. స్కాట్లండ్‌లో అయితే కౌన్సిల్ స్కూల్లో ఉన్న పిల్లను మాన్పించడానికి ముందుగా వాళ్ళ ఒప్పుదల కావాలట. ఇలాంటి పిల్లల పేర్లు రిజిస్టరు చేయాలన్న ప్రయత్నం ఇంగ్లండులో 2010లో ఒకసారి వీగిపోయింది. 2024 డిసెంబరులో మళ్ళీ బిల్లుగా పార్లమెంటుకు వచ్చింది. నన్నడిగితే రిజిస్టరు ఉండడమే మంచిది. పిల్ల ఎక్కడుందో సర్కారుకు తెలియడంలో తప్పేముంది?

జర్మనీది ఇంకో దారి. ప్రష్యాలో ఒకప్పుడు చదువు తప్పనిసరి గానీ, అది ఇంట్లో అయినా ఫరవాలేదు. 1919 వైమార్ రాజ్యాంగం బడిని తప్పనిసరి చేసింది. 1938 జూలై 6న నాజీ సర్కారు తెచ్చిన చట్టంతో, రాని పిల్లలను పోలీసులతో తీసుకొచ్చే ఏర్పాటు దేశమంతా ఒక్కటైంది. నాజీలు పోయినా బడి తప్పనిసరి అన్న నియమాన్ని రాష్ట్రాలు తమ చట్టాల్లో నిలుపుకొన్నాయి. ఇప్పుడు చెప్పే కారణం వేరు. మతం పేరుతోనో మరో పేరుతోనో సమాజానికి ఎడంగా బతికే గుంపులు తయారు కాకూడదని. 2006లోనూ 2019లోనూ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవహక్కుల న్యాయస్థానం జర్మనీ వాదననే ఒప్పుకుంది. ఆ రెండో కేసు కుటుంబం డార్మ్‌స్టాట్ దగ్గరిది. 2013 ఆగస్టులో పోలీసులు ఇంటికొచ్చి నలుగురు పిల్లలనూ తీసుకెళ్ళారు, మూడు వారాలకు తిరిగి పంపారు. ఈ చట్టానికి భయపడి అమెరికా పారిపోయి శరణు కోరిన జర్మన్ కుటుంబం మరొకటి. ఆ అమెరికాలో 1993 నాటికే యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధం. 1882 నుంచి ఇంటి చదువుకు తలుపు తెరిచే ఉంచిన ఫ్రాన్సు 2021లో చట్టం మార్చి, 2022 నుంచి ముందస్తు అనుమతి ఉంటేనే అంది. స్వీడన్ 2011 నుంచి దాదాపు మూసేసింది.

ఇక మన దగ్గరికి వస్తాను. బడోదా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ 1906లో నిర్బంధ విద్య పెట్టాడు. అది చూసి 1911లో గోఖలే కేంద్ర శాసన మండలిలో బిల్లు తెచ్చాడు. ఆరు నుంచి పదేళ్ళ మగపిల్లల వరకే అది వర్తిస్తుంది. సేద్యం పనులు ముమ్మరంగా ఉండే రోజులకు మినహాయింపు కూడా ఇచ్చాడు. అయినా 1912 మార్చిలో 38 ఓట్లు ఎదురు, 13 అనుకూలం, బిల్లు పోయింది. పిల్లలు బడికి పోతే పొలంలో పని ఎవరు చేస్తారన్న గుబులు అప్పటి పెద్ద రైతులకు, జమీందార్లకు ఉన్నదే. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్ళలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ చదువు అంది. ఆ పదేళ్ళ గడువు దాటిపోయాక, ఎన్నో ఏళ్ళకు నేను ఉద్యోగంలో చేరాను.

మా మండలంలో దసరా సెలవులయ్యాక బడి తెరిస్తే సగం బెంచీలు ఖాళీ. అది శెనక్కాయలు పీకే కాలం. పెద్దలు చెట్లు పీకి కుప్ప వేస్తే, పిల్లలు చుట్టూ కూర్చుని కాయలు తెంపేవాళ్ళు. గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను, వేళ్ళ కొనలకు పగుళ్ళు. బడికి తిరిగొచ్చాక పలక మీద బలపం పట్టలేక చెయ్యి విదిలించుకునే పిల్లను చూశాను. "బాగా చదువుతుంది, పంపించవయ్యా" అంటే, "సార్, ఇంట్లోనే చదువుకుంటుంది లే" అనేవాడు తండ్రి. ఆ మాట నమ్మితే మండలంలో ఒక్క పిల్లయినా బడికి వచ్చేది కాదు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని తేల్చి చెప్పింది. మా ఉద్యోగమంతా ఆ సూత్రం మీదే నడిచింది. ఇప్పటికీ నేను దాన్ని విడిచిపెట్టను.

కానీ ఒక ఏడు బడిబాట సర్వేలో, పట్నంలో ఉద్యోగాలు మానుకొని వచ్చి మా మండలంలో సేద్యం పెట్టుకున్న దంపతులు తగిలారు. వాళ్ళ ఇద్దరు పిల్లలూ బడికి పోరు. పెద్దవాడు నా ముందే భిన్నాలు చేశాడు, బావి లోతు కొలిచి నీళ్ళెన్నో లెక్క కట్టిన నోటుబుక్కు చూపించాడు. మా ఫారంలో ఉన్నవి మూడు కాలమ్‌లు. బడిలో ఉన్నారు, మధ్యలో మానేశారు, అసలు చేరలేదు. నేను మార్జిన్‌లో ‘ఇంట్లో చదువు’ అని రాశాను. పై ఆఫీసు నుంచి ఫోన్: "ఇది ఏ కాలమ్‌లోకి వస్తుందండీ?" చివరికి వాళ్ళు ‘అసలు చేరలేదు’ కింద ఎక్కారు.

ఆ గందరగోళం ఫారంలోనే కాదు, చట్టంలోనూ ఉంది. ప్రైవేటు కాలేజీల ఫీజుల గొడవలో పుట్టిన ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కు అంది. 2002లో అది రాజ్యాంగంలోకి ఎక్కింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని పదో సెక్షను పిల్లలను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే శిక్ష ఏమిటో మాత్రం చెప్పదు. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది గానీ, ఇంట్లో అమ్మ చదువు చెబితే ఏమిటన్నదానికి చట్టంలో జవాబు లేదు. 2012 సవరణలో వేద పాఠశాలలకు, మదర్సాలకు ఈ చట్టం వర్తించదని రాశారు. ఇంటిని గురించి అప్పుడూ రాయలేదు. ఢిల్లీ హైకోర్టులో కేసు పడితే, ఇంటి చదువుకు చట్టం అడ్డు కాదని కేంద్రం 2012లో అఫిడవిట్ వేసి, తర్వాత దాన్ని వెనక్కి తీసుకుంది.

మన చట్టం శెనక్కాయల కుప్ప దగ్గర కూర్చున్న పిల్లను ఎదుట పెట్టుకుని చేసింది. అది సబబే. ఆ పిల్లను కాపాడుతూనే బావి లోతు కొలిచిన పిల్లవాడికి చోటివ్వడం అసాధ్యమేం కాదు. ఫారంలో నాలుగో కాలమ్ ఒకటి, ఏడాదికొకసారి ఇంటికెళ్ళి పిల్లతో ఒక పూట మాట్లాడి వచ్చే ఉపాధ్యాయుడు ఒకరు ఉంటే చాలు. అది వచ్చేదాకా, ఇంట్లో చదివిస్తున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే: పుట్టిన తేదీ పత్రం జాగ్రత్తగా పెట్టుకోండి, పిల్లల నోటుబుక్కులు ఏడాదివారీగా దాచండి, సర్వేకు వచ్చిన టీచర్‌కు అవి చూపించండి. పద్నాలుగేళ్ళు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్షకు కట్టించవచ్చు. జాతీయ సంస్థ 1989 నుంచి, మన రాష్ట్రంలోది 1991 నుంచి ఉన్నాయి.