ట్యూబ్‌లైట్‌లోని తెల్లపొడి వెనక ఇంత కథ ఉందా?

ఆలస్యంగా అర్థం చేసుకునేవాళ్లని మనం సరదాగా 'ట్యూబ్‌లైట్' అంటాం కదా. ఈ రోజు నేను చెప్పబోయేది నిజం ట్యూబ్‌లైట్ గురించే. అది పగిలితే లోపల తెల్లటి పొడి కనిపిస్తుంది. మనకి వెలుగు ఇచ్చేది ఆ పొడే. కరెంటు పారినప్పుడు ట్యూబ్‌లోని పాదరసం ఆవిరి నుంచి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు వస్తాయి. ఈ పొడి వాటిని పీల్చుకుని, కనిపించే వెలుగుగా మార్చి వదులుతుంది.

1938లో అమెరికాలో ఈ దీపాలు మార్కెట్లోకి వచ్చాయి. అప్పటి పొడుల్లో బెరీలియం ఉండేది. వెలుగు బాగానే వచ్చింది. కానీ మసాచుసెట్స్‌లోని సేలంలో ఈ దీపాలు తయారుచేసిన కార్మికులకి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. పని మానేశాక కూడా కొందరిలో అది బయటపడింది! డాక్టర్ హారియట్ హార్డీ, ఇర్వింగ్ టేబర్‌షా 1946లో 17 మంది వివరాలు ప్రచురించారు. 1949లో అక్కడి కంపెనీలు దీపాల్లో బెరీలియం వాడటం ఆపేశాయి.

అప్పటికే ఇంకో పొడి సిద్ధంగా ఉంది. 1942లో ఇంగ్లాండ్‌లోని జీఈసీ ల్యాబ్‌లో మెక్‌కీగ్, ర్యాన్‌బీ అనే ఇద్దరు కాల్షియం హాలోఫాస్ఫేట్‌ని తయారుచేశారు. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజానికి ఇది దగ్గరి చుట్టం. ఉత్తదైతే ఇది ఇలా వెలగదు. అందులో చిటికెడు ఆంటిమొనీ కలిపితే నీలం వెలుగు, దానికి మాంగనీస్ తోడైతే నారింజ వెలుగు కూడా వస్తాయి. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు!

ఇక్కడ అసలు కిటుకు ఒకటే. వెలుగు తగిలితే పదార్థంలోని ఎలక్ట్రాన్ పైకి ఎగురుతుంది. అది కిందికి దిగుతూ వెలుగు ఇస్తే దీపం. దిగేలోపే దాని శక్తితో రసాయన చర్య జరిపిస్తే? దాన్నే ఫొటోకెటాలిసిస్ అంటారు.

2010లో జపాన్ పరిశోధకులు సిల్వర్ ఫాస్ఫేట్‌తో ఇదే చూపించారు. ఈ పసుపు పొడిని మిథిలీన్ బ్లూ రంగు కలిపిన నీళ్లలో వేసి, మామూలు వెలుగు పడనిస్తే చాలు, రంగు విరిగిపోతుంది. అద్దకం పరిశ్రమల మురుగునీటికి ఇది పనికొస్తుందని ఆశ పుట్టింది. కానీ వెండి ఖరీదైనది. పైగా అదే వెలుగుకి ఆ పొడి కొంత లోహపు వెండిగా మారి నల్లబడుతుంది, నీళ్లలో కాస్త కరుగుతుంది కూడా. అందుకే వేరే పదార్థాలు కలిపి దాన్ని నిలబెట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

నేను చెప్పేది ఒక్కటే. రంగు పోవడం వేరు, విషం పోవడం వేరు. విరిగిన రంగు ఏమైంది, నీళ్లలో వెండి ఎంత మిగిలింది, ఆ పొడి తయారుచేసేవాళ్ల సంగతేంటి? ఇవన్నీ ముందే అడగాలి. సేలంలో ఆ ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. ఈసారి మనం ట్యూబ్‌లైట్లం కావొద్దు!