లెక్కల మాస్టారు ఏరిన నాచు

మన బడి నీళ్ల ట్యాంకు పక్క గోడ మీద వానాకాలంలో పేరుకునే నాచు మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ జారిపడ్డవాళ్లకైతే మరీను. సైన్సు మాస్టారు ఒకసారి దాన్ని గోటితో గిల్లి మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. నడి ఈనె తప్ప, ఆకు మందమంతా ఒక్క కణమే! ఉద్యోగం సిమెంటు, ఇనుముతో గడిచినా ఆ ఆకు నన్ను వదల్లేదు. దాని వెంటపడి చదువుతుంటే రిచర్డ్ స్ప్రూస్ కథ దొరికింది.

ఆయన ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో ఓ బడిపంతులు కొడుకు. తనూ యార్క్‌లో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. 1849లో అమెజాన్ అడవులకు వెళ్లి, అక్కణ్ణించి ఆండీస్ కొండలెక్కి, 1864లో గానీ ఇల్లు చేరలేదు. పొట్టకూటికి పూలమొక్కల నమూనాలు పంపేవాడు. మనసు మాత్రం నాచుల మీద, వాటి దాయాదులైన లివర్‌వర్ట్‌ల మీద.

ఆ అడవిలో నాచు నేల మీద కన్నా చెట్ల బెరడు మీద, కొమ్మల మీద ఎక్కువ. తేమకు కాగితాలు ఆరవు, బూజు పడుతుంది. కంటికి అన్నీ ఒకే పచ్చ. జాతి తేలాలంటే కణాల ఆకారం, ఈనె ఎంతదాకా పోయింది, సిద్ధబీజాల గుళిక మూతి చుట్టూ పళ్ల వరస ఎలా ఉంది, ఇవన్నీ మైక్రోస్కోపులో చూడాలి. ఒక్కటే వెసులుబాటు. ఎండిన నాచు ఏళ్ల తర్వాత కూడా చుక్క నీటికి ఆకులు విప్పుతుంది. అందుకే కాగితం పొట్లం చాలు. కాకపోతే ఎక్కడ, ఎప్పుడు, దేని మీద దొరికిందో దాని మీద రాసి ఉండాలి. తేదీ లేని డ్రాయింగు సైటుకొస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

1860లో ఈక్వడార్ నుంచి ఆయన సేకరించి పంపిన సింకోనా మన నీలగిరుల్లో నాటారు, క్వినైన్ కోసం. మరుసటేడు ఆయన డబ్బు దాచుకున్న వ్యాపారసంస్థ దివాలా తీసింది. ఆరోగ్యం అప్పటికే పాడైంది. 1865లో ఏడాదికి 50 పౌండ్ల పింఛను వచ్చింది. మరో 50 పౌండ్లకు 1877 దాకా ఆగాల్సొచ్చింది.

ఆయన తెచ్చిన నాచులను విలియం మిట్టెన్ 1869లో వర్ణించి అచ్చువేశాడు. భారతదేశపు నాచుల మీద అంతకు పదేళ్ల ముందే పుస్తకం రాసిన ఈ మిట్టెన్ వృత్తికి మందుల దుకాణదారు! లివర్‌వర్ట్‌లు మాత్రం స్ప్రూస్ తనే పట్టుకున్నాడు. ఎక్కువసేపు కూర్చోలేని ఆ మనిషి గ్రంథం 1884-85లో వెలువడింది. 1893లో పోయాడు.

ఆయన లివర్‌వర్ట్‌లు మాంచెస్టర్ మ్యూజియంలో, మిట్టెన్ నాచులు న్యూయార్క్ వృక్షోద్యానంలో ఉన్నాయి. అమెజాన్‌లో ఇవాళ దొరికిన నాచు కొత్తదో కాదో తేల్చాలంటే అలాంటి పాత పొట్లం ఒకటి విప్పి, చుక్క నీళ్లు వేసి చూడాల్సిందే.