బొబ్బిలి పేరులో ఒక షేర్

బొబ్బిలి అనగానే అందరికీ తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు. కానీ ఆ ఊరి పేరులోనే మన శ్రీకాకుళం ఫౌజ్‌దార్ ఒకాయన ఉన్నాడన్న సంగతి మన ఇళ్లలో కూడా చాలామందికి తెలియదు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళం ఫౌజ్‌దార్. అక్కడి జామియా మస్జిద్‌ను 1641లో కట్టించింది ఆయనే. 1652లో ఆయన ఫౌజ్ వెంట వెలమ దొర పెద్దరాయుడు ఈ ఇలాకాకు వచ్చాడు. ఇక్కడ కిల్లా కట్టుకుని, ఖాన్‌గారి మీద ఇజ్జత్‌తో దానికి 'పెద్దపులి' అని పేరు పెట్టాడట. షేర్ అంటే పులే కదా! ఆ పెద్దపులే బెబ్బులి అయి, చివరికి బొబ్బిలి అయింది. విజయనగరం పూసపాటివారి పూర్వీకుడు మాధవవర్మ కూడా ఖాన్‌గారి వెంటే వచ్చాడని చెబుతారు.

అలా ఒకే సర్దార్ నీడన వచ్చిన రెండు ఖాందాన్‌లు వందేళ్లకు దుష్మన్‌లయ్యాయి. వాగు నీళ్ల దగ్గర కూడా తగాదాలే. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు ఇచ్చేశాడు. పేష్‌కష్ వసూలుకు వచ్చిన బుస్సీ, పెద విజయరామరాజు మాట విని, బొబ్బిలి వదిలి వేరే చోటికి పొమ్మని రంగారావును అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న కిల్లా మీద ఫిరంగులు పేలాయి. ఇక నిలవలేమని తెలిశాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లను, పిల్లలను తామే చంపుకుని, ఇళ్లకు నిప్పు పెట్టి, కడదాకా పోరాడారు. రంగారావు పసికొడుకును మాత్రం ఒక ముసలాయన బతికించి బయటికి తెచ్చాడు. కొద్దిరోజులకే విజయరామరాజు కూడా తన డేరాలోనే హత్యకు గురయ్యాడు.

చనిపోయినవాళ్ల యాద్‌గార్‌గా 1891లో బొబ్బిలి రాజావారు పాత కోట జాగాలో స్తంభం నిలబెట్టారు. దాన్ని చూపించడానికి పిల్లలను తీసుకెళితే మావాడు అడిగాడు: "అబ్బూ, ఈ జంగ్‌లో మనవాళ్లు ఎటువైపు?"

బొబ్బిలి కథలో బుస్సీ దివాన్ హైదర్ జంగ్ రిష్వత్ తిన్న దగాబాజ్. వాడు విన్న ముసల్మాన్ పేరు అదొక్కటే.

ఈ జంగ్ మజ్‌హబ్‌ల మధ్య జరిగింది కాదని చెప్పాను. హైదర్ జంగ్ కొలువు చేసింది ఫ్రెంచివాళ్ల దగ్గర, వాళ్లతో కలిసి వచ్చింది విజయనగరం రాజు. వాళ్లు కూల్చిన కిల్లాకేమో మన ఫౌజ్‌దార్ పేరు. ఒకడి రిష్వత్‌కు కౌమ్ అంతా జవాబు చెప్పనక్కర్లేదు. ఒకరి దోస్తీని కౌమ్ అంతా గొప్పగా చెప్పుకోనక్కర్లేదు. కానీ తారీఖ్‌ను సగం చెప్పి వదిలేస్తే అది ఇన్సాఫ్ కాదు.

సెలవుల్లో మీ పిల్లలకు ముందు శ్రీకాకుళం జామియా మస్జిద్ చూపించండి, తర్వాత బొబ్బిలి స్తంభం. షేర్ ఖాన్ పేరు, హైదర్ జంగ్ పేరు రెండూ చెప్పండి. ఆ కిల్లాలో కాలిపోయిన తల్లుల, పిల్లల సంగతి కూడా చెప్పండి. వాళ్లలో చాలామంది పేర్లు ఏ కథలోనూ లేవు.