కేటలాగులో గిటారు: అమెరికా గ్రామీణ కొనుగోలుదారుని ఎంపికలో ధర, పరిమాణం, నాదం (1890-1940)

వ్యాససంగ్రహం

చిన్నదేహపు గిటారును ఎన్నుకోవడం నేడు ప్రధానంగా అభిరుచికి సంబంధించిన విషయం. పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో అమెరికా గ్రామీణులకు అటువంటి వెసులుబాటు లేదు. తపాలా వర్తకసంస్థల కేటలాగులలో వారికి అందుబాటు ధరకు దొరికిన గిటారు చిన్నదే. ధర తగ్గించడానికి నిర్మాతలు చేసిన సర్దుబాట్లు బ్లూస్ సంగీతపు నాదస్వభావంలో ఎలా భాగమయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గిటారు, పార్లర్, కేటలాగు, సియర్స్, స్టెల్లా, మార్టిన్, బ్లూస్, మడ్డీ వాటర్స్.

1. ‘చిన్న’ అనే కొలత

గిటారు పరిమాణాన్ని గురించిన చర్చకు మార్టిన్ సంస్థ వాడిన అంకెలు మంచి ఆధారం. సాక్సనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో 1796లో జన్మించిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో న్యూయార్కుకు వలసవచ్చాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో స్థిరపడ్డాడు. ఆయన సంస్థ అనుసరించిన పద్ధతిలో అంకె తగ్గేకొద్దీ వాద్యం పెద్దదవుతుంది. ఆ క్రమంలో 1వ పరిమాణపు గిటారు కిందిభాగంలో 12¾ అంగుళాల వెడల్పు ఉంటుంది. తొలిదశలో అదే పెద్దది. తరువాత అంతకంటె పెద్దవాటి అవసరం ఏర్పడినప్పుడు ఒకటికి ముందు మిగిలింది సున్నా మాత్రమే. అదీ చాలకపోయేసరికి రెండు సున్నాలు, ఆపైన 1902లో మూడు సున్నాలు వచ్చాయి. మూడు సున్నాల గిటారు వెడల్పు 15 అంగుళాలు. బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టుకొన్న ‘డ్రెడ్‌నాట్’ 15⅝ అంగుళాలకు చేరింది. దీనిని మార్టిన్ సంస్థ 1916లో ఆలివర్ డిట్సన్ సంస్థ కోసం మొదట నిర్మించి, 1931లో సొంత పేరుతో విక్రయించసాగింది.

పెద్ద గిటార్ల విషయంలో ఎదురయ్యే ఇబ్బందిని ముందుగా ఎవరూ ఊహించలేదని ఈ సున్నాల వరుస చెబుతుంది. 1890 నాటి కొనుగోలుదారునికి 13 అంగుళాల గిటారు చిన్నది కాదు. అది గిటారు, అంతే. కేటలాగులు ఆ పరిమాణాన్ని ‘స్టాండర్డ్’ అన్నాయి, దానికంటె కొంచెం పెద్దదానిని ‘కాన్సర్ట్’ అన్నాయి. ఆ కాన్సర్ట్ గిటారు ఈనాటి దుకాణంలో డ్రెడ్‌నాట్ పక్కన బాలల వాద్యంలా కనిపిస్తుంది. ‘పార్లర్ గిటారు’ అన్న పేరు ఒక తరగతికి గుర్తుగా స్థిరపడింది కూడా తరువాతి కాలంలోనే. తెలుగునాట పార్లర్ అనగానే ఐస్‌క్రీమో, అలంకరణశాలో స్ఫురించవచ్చు గాని, ఇక్కడ ఆ మాటకు అర్థం మధ్యతరగతి ఇంటి ముందుగది. పందొమ్మిదో శతాబ్దిలో ఆ గదిలో గిటారు పట్టినవారిలో స్త్రీలు గణనీయంగా ఉన్నారు. వాద్యానికి పేగుతీగలు ఉండేవి, శ్రోతలు పదిమందికి మించేవారు కాదు. అంతకంటె పెద్ద శబ్దంతో అక్కడ పని లేదు.

2. చూడకుండా కొనడం

గిటారును ముందుగది నుంచి పత్తిచేలకు చేర్చినవి తపాలాసంస్థ, షికాగో వర్తకులు. మాంట్గమరీ వార్డ్ 1872లో తపాలా వర్తకం ప్రారంభించాడు. సియర్స్ రోబక్ సంస్థ 1890లలో ఆ రంగంలో విస్తరించింది. ఇళ్లకు ఉత్తరాలు చేరవేసే గ్రామీణ ఉచిత బట్వాడా 1896లో ప్రయోగాత్మకంగా మొదలై 1902లో శాశ్వతమైంది. పార్సెల్ సేవ 1913 జనవరి 1న వచ్చింది. అప్పటిదాకా తపాలాలో నాలుగు పౌండ్లకు మించిన సరుకు పంపే వీలు లేదు. బరువైన వస్తువు కోసం రైల్వేస్టేషనుకు బండి కట్టుకొని వెళ్లవలసిందే.

కేటలాగులలో గిటార్లు ఐదు డాలర్లకు లోపు కూడా దొరికేవి. కొనేవాడు వాద్యాన్ని చేత్తో తాకలేడు, తీగ మీటి వినలేడు. అతని ముందున్నవి ఒక చెక్కబొమ్మ, కొన్ని వాక్యాలు, ధర, నచ్చకపోతే సొమ్ము వాపసు ఇస్తామన్న హామీ. నిర్మాత పేరు సైతం తరచు తెలియదు. సియర్స్ ‘సూపర్‌టోన్’ అన్న సొంత ముద్రతో అమ్మిన గిటార్లలో అనేకం షికాగోలోని హార్మనీ కర్మాగారంలో తయారైనవే. 1892లో విల్‌హెల్మ్ షుల్ట్స్ స్థాపించిన ఆ సంస్థను 1916లో సియర్స్ కొనేసింది. 1932లో కౌబాయ్ గాయకుడు జీన్ ఆట్రీ పేరుతో, పైపలక మీద పశువుల కాపరుల చిత్రం అచ్చొత్తి, ‘రౌండప్’ గిటారును అమ్మడం ఈ ధోరణికి పరాకాష్ఠ. వినడానికి వీలులేని చోట బొమ్మను చూపి అమ్మారు.

అయితే కేటలాగును మోసపు సాధనంగా మాత్రమే చూడడం సరికాదు. దక్షిణాది రాష్ట్రాలలో సగపాలుకు సేద్యం చేసే నల్లజాతి కుటుంబం ఏడాది పొడుగునా ఊరి దుకాణంలో అరువు తెచ్చుకొని, పత్తి అమ్మకం తరువాత లెక్క తేల్చుకొనేది. లెక్కలపుస్తకం దుకాణదారు చేతిలో లేదా భూస్వామి చేతిలో ఉండేది. కొన్నిచోట్ల ఆ ఇద్దరూ ఒక్కరే. తెల్లవారి బేరం ముగిసేదాకా నల్లవారు వేచి ఉండాలి. ఏ వస్తువు కొనవచ్చునో, ఏది తమ ‘స్థాయి’కి మించినదో కూడా దుకాణదారు నిర్ణయించేవాడు. కేటలాగుకు పంపే కాగితం మీద ఒంటిరంగు కనపడదు. ధర అందరికీ ఒక్కటే. ఈ నేపథ్యంలో చౌక గిటారు కొనుగోలును వినోదపు ఖర్చుగా తీసిపారేయలేము.

మడ్డీ వాటర్స్‌గా ప్రసిద్ధుడైన మెక్‌కిన్లీ మోర్గన్‌ఫీల్డ్ చెప్పిన లెక్క ఇక్కడ విలువైనది. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ సమీపంలో, స్టోవాల్ తోటలో పెరిగిన ఆయన పదిహేడేళ్ల వయసులో ఇంటిలో మిగిలిన ఆఖరి గుర్రాన్ని అమ్మాడు. దానికి సుమారు పదిహేను డాలర్లు వచ్చాయి. సగం అమ్మమ్మకు ఇచ్చి, తన సగంలోంచి రెండున్నర డాలర్లు పెట్టి స్టెల్లా గిటారు కొన్నాడు. జనం అటువంటివాటిని షికాగోలోని సియర్స్ నుంచి తెప్పించుకొనేవారని కూడా చెప్పాడు. అంటే గిటారు ధర గుర్రం ధరలో ఆరోవంతు. ‘చౌక’ అన్న మాటను చరిత్రకారులు వాడేటప్పుడు ఈ ఆరోవంతును దృష్టిలో ఉంచుకోవాలి. సేద్యపు కుటుంబానికి ఆఖరి గుర్రం పోవడం చిన్న విషయం కాదు.

3. పొదుపు పనితనం, దాని నాదం

స్టెల్లా ముద్ర మొదట జెర్సీ సిటీలోని ఆస్కార్ ష్మిట్ సంస్థది. 1939లో హార్మనీకి దక్కింది. ఈ తరగతి గిటార్ల దేహానికి ఖరీదైన రోజ్‌వుడ్‌కు బదులు బర్చి కర్రను వాడేవారు. దానిమీద రంగుతో మేలుజాతి కర్ర చారలను అనుకరించేవారు. అది కంటికి సంబంధించిన పొదుపు. నాదాన్ని మార్చినవి పైపలక కింద ఉన్నాయి.

తీగల లాగుడుకు పైపలక వంగకుండా లోపల సన్నని కర్రపట్టీలు అంటిస్తారు. అమెరికాలోని జర్మన్ వలస నిర్మాతలు 1840లలో వీటిని గుణకారపు గుర్తులా ఒకదానిపై ఒకటి అడ్డంగా అమర్చే పద్ధతిని రూపొందించారు. మార్టిన్ దానిని స్థిరపరిచాడు. ఆ అమరికకు నేర్పు, సమయం కావాలి. చౌక కర్మాగారాలు నిచ్చెనమెట్లలా పట్టీలను సమాంతరంగా అంటించి ఊరుకొన్నాయి. నిచ్చెన అమరికలో స్వరం చప్పున పలికి త్వరగా అణగిపోతుంది. మధ్యస్థాయి స్వరాలు ముందుకు వస్తాయి, మంద్రం పలచబడుతుంది. ముందుగదిలో ఇది లోపం. బొటనవేలితో మంద్రస్వరాలను లయగా కొడుతూ, మిగిలిన వేళ్లతో పాటను పలికించే వాదకునికి మాత్రం ఒక స్వరం మరొకదానిమీద పేరుకోకుండా ఉండడం లాభమే.

తీగల విషయంలోనూ ఇటువంటి తారుమారే జరిగింది. ఉక్కుతీగల లాగుడు పేగుతీగల లాగుడు కంటె చాలా ఎక్కువ. బ్రిడ్జిని, అంటే వీణలో గుర్రం అనే భాగాన్ని, పైపలకకు అంటించి దానికే తీగలు బిగించే మేలురకం గిటార్లు ఆ బరువుకు తట్టుకొనేవి కావు. చౌక నిర్మాతలు తీగలను గిటారు అడుగు అంచుకు తగిలించిన లోహపు కొక్కేనికి కట్టారు. బ్రిడ్జి ఊడిపోయే ప్రమాదం తప్పింది. ఉక్కుతీగల కోసమే రూపొందిన గిటారును మార్టిన్ తన సాధారణశ్రేణిలో చేర్చింది 1922లో, 2-17 నమూనాతో. అప్పటికే చౌక గిటారు ఆ తీగలతో రెండు దశాబ్దాల పాటు నాట్యశాలలలో మోగింది.

మెడలోని బలహీనత మరో కథ. సర్దుబాటు చేయగల ఉక్కుకడ్డీ లేని మెడ కాలక్రమంలో వంగి తీగలు మెట్లకు ఎత్తుగా లేస్తాయి. వేలితో నొక్కడం కష్టమవుతుంది. సీసామెడనో కత్తివెన్నునో తీగమీద జార్చి వాయించే పద్ధతికి మాత్రం ఎత్తయిన తీగలే అనుకూలం. జారుడు వాదనానికి ఇదే పుట్టుక అనడం అతిశయోక్తి. చెడిన మెడ ఆ పద్ధతికి అడ్డురాలేదన్నంతవరకు అంగీకరించవచ్చు. స్టెల్లాలన్నీ చిన్నవే అన్న అపోహ కూడా తగదు. లెడ్‌బెల్లీ వాయించిన పన్నెండు తీగల స్టెల్లా పొడవైన మెడ, పెద్ద దేహం కలది.

4. ఎంపికగా మారిన చిన్నదనం

1943లో షికాగోకు తరలిన మడ్డీ వాటర్స్‌కు అక్కడి రద్దీ మద్యశాలలలో కరెంటు లేని గిటారు వినిపించలేదు. కొద్దికాలంలోనే విద్యుత్ గిటారు చేపట్టాడు. శబ్దం పెంచే భారం యంత్రం మీద పడ్డాక దేహపు పరిమాణానికి ఆ బాధ్యత తప్పింది. చిన్న గిటారును కేవలం దాని నాదం కోసం, ఒడిలో అమరే తీరు కోసం ఎన్నుకొనే అవకాశం అలా ఏర్పడింది.

1996లో వచ్చిన బేబీ టేలర్, 2010 నాటి జీఎస్ మినీ, లిటిల్ మార్టిన్ ఈ కొత్త విపణికి చెందినవి. వీటిలోనూ పొదుపు ఉంది. జీఎస్ మినీలో పైపలక ఏకాండీ స్ప్రూస్ కర్ర, పక్కలు, వీపు పొరలు అంటించిన పలకలు; తయారీ మెక్సికోలో. పొదుపు చేసిన చోటు మారింది. నాదానికి ఆయువుపట్టయిన పైపలకను కాపాడి, మిగతా భాగాలలో ఖర్చు తగ్గించారు. తక్కువ ధరలో చిన్న గిటారు కోరేవారికి ఇది పాత కేటలాగు ఇచ్చినదానికంటె నిస్సందేహంగా మెరుగైన వాద్యం. అయితే 1920ల రికార్డులలోని నాదాన్ని ఆశించి దీనిని కొనేవారు నిరాశపడతారు. ఆ నాదం పరిమాణం ఒక్కదానితో రాలేదు. నిచ్చెన పట్టీలతో, బర్చి కర్రతో, అడుగు అంచున కట్టిన తీగలతో వచ్చింది. అసలు పాత స్టెల్లాను కొందామంటే మెడను ఊడదీసి కోణం సరిచేసి తిరిగి అతికించడానికి అయ్యే ఖర్చు కొన్నిసార్లు గిటారు ధరను మించుతుంది. ఆ నాదం కోసం నేడు కొందరు నిర్మాతలు నిచ్చెన పట్టీల గిటార్లను చేతితో, ఒక్కొక్కటిగా తయారుచేస్తున్నారు. వాటిలో ఒకదాని ధరకు జీఎస్ మినీలు అనేకం వస్తాయి.