7800ఎక్స్3డియా, 14700కెనా? పిల్లల గేమింగ్ పీసీ కొనేముందు తెలుసుకోవాల్సినవి

వేసవి సెలవుల ముందో, బ్లాక్ ఫ్రైడే వారంలోనో అమెరికాలోని మన ఇళ్లలో ఒక చర్చ తప్పకుండా వస్తుంది. హైస్కూల్‌కి వచ్చిన అబ్బాయో అమ్మాయో ఒక లిస్టు పట్టుకుని వచ్చి "నాన్నా, గేమింగ్ పీసీ కొందాం" అంటారు. నాన్న పనిచేసేది ఐటీలోనే అయినా ఆ లిస్టులోని పేర్లు చూసి కాసేపు తెల్లమొహం వేస్తాడు. మనం రోజూ వాడేది ఆఫీసువాళ్లు ఇచ్చిన లాప్‌టాప్. సొంతంగా డెస్క్‌టాప్ కొని పదిహేనేళ్లు దాటి ఉంటుంది. అప్పట్లో లెక్క సులువు: గిగాహెర్ట్జ్ ఎక్కువుంటే మంచిది, కోర్లు ఎక్కువుంటే ఇంకా మంచిది. గేమింగ్ దగ్గరికొచ్చేసరికి ఇప్పుడా లెక్క తప్పుతోంది.

అది ఎలా తప్పుతుందో బాగా తెలిసేది రెండు ప్రాసెసర్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. ఒకటి ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డి. ఇది 2023 ఏప్రిల్‌లో 449 డాలర్లకు వచ్చింది. రెండోది ఇంటెల్ కోర్ ఐ7-14700కె. అదే ఏడాది అక్టోబరులో 409 డాలర్లకు వచ్చింది. 2024 చివర్లో ఏఎండీ నుంచి 9800ఎక్స్3డి, ఇంటెల్ నుంచి కోర్ అల్ట్రా 7 265కె వచ్చాయి. వాటిలో మొదటిది నిజంగానే ఇంకా వేగం. రెండోది మాత్రం ఆటల్లో పాత 14వ తరాన్ని స్పష్టంగా దాటలేకపోయింది. కాబట్టి రెడీమేడ్ పీసీ కొన్నా, ఎవరైనా వాడినది కొన్నా ఈ పాత జంట గురించి తెలిసి ఉండటం మంచిదే.

కాగితం మీద చూస్తే పోటీయే లేదనిపిస్తుంది. 7800ఎక్స్3డిలో 8 కోర్లు, 16 థ్రెడ్లు, గరిష్ఠంగా 5 గిగాహెర్ట్జ్ వేగం. 14700కెలో 8 పెద్ద కోర్లు, 12 చిన్న కోర్లు కలిపి 20, థ్రెడ్లు 28, వేగం 5.6 గిగాహెర్ట్జ్ దాకా. పైగా ధర 40 డాలర్లు తక్కువ. కూరగాయల బేరంలో ఆరితేరిన మనవాళ్లెవరైనా రెండోదే తీసుకుంటారు. కానీ ఆటలు నడిపి చూసినప్పుడు సగటున ముందుండేది మొదటిదే.

అసలు సంగతి క్యాష్ మెమరీలో ఉంది

ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు, ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ. వంటింట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు చెయ్యి చాపితే అందుతాయి. అందులో లేనిది కావాలంటే స్టోర్‌రూమ్‌కి వెళ్లాలి. ఆలోగా నూనె మాడిపోతుంది. స్టోర్‌రూమ్ అంటే ర్యామ్, పోపుల డబ్బా అంటే క్యాష్. వంటమనిషి ఎంత చురుకైనవాడైనా, పక్కన ఇంకో పన్నెండు మంది సహాయకులున్నా, ప్రతిసారీ స్టోర్‌రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తే వంట ఆగుతూనే ఉంటుంది.

14700కెలో ఎల్3 క్యాష్ 33 ఎంబీ. 7800ఎక్స్3డిలో 96 ఎంబీ. మామూలుగా ఉండే 32 ఎంబీ మీద మరో 64 ఎంబీ పొరను ఏఎండీ నిలువుగా పేర్చింది. పేరు చివర 3డి అని ఉండటానికి కారణం ఇదే. ఈ పద్ధతి 2022లో 5800ఎక్స్3డితో డెస్క్‌టాప్‌లోకి వచ్చింది. ఆటలు ఒక్కో ఫ్రేముకీ ఎక్కడెక్కడి సమాచారమో వెతుక్కుంటాయి. ఏ పాత్ర ఎక్కడుంది, ఏ గోడ అడ్డం ఉంది, బంతి ఎటు పోతోంది, ఇలా. ఇవన్నీ పెద్ద క్యాష్‌లోనే దొరికితే ర్యామ్ కోసం ఎదురుచూడటం తగ్గుతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఫ్యాక్టోరియో, అసెట్టో కోర్సా కాంపెటీజియోనె లాంటి వాటిలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో జనం కిక్కిరిసిన నగరంలోకి వెళ్లినప్పుడూ అంతే.

అయితే ఈ తేడా ప్రతి ఇంట్లోనూ కనిపించదు. రివ్యూలు చేసేవాళ్లు అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి, 1080పీ రిజల్యూషన్‌లో నడిపి, ప్రాసెసర్ల మధ్య తేడాను కావాలనే బయటికి లాగుతారు. ప్రాసెసర్‌ని కొలవడానికి అది సరైన పద్ధతే. మన పిల్లలు 4కే మానిటర్‌లో మధ్యస్థ కార్డుతో సైబర్‌పంక్ 2077 ఆడితే మాత్రం బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. అప్పుడు రెండు ప్రాసెసర్లలో ఏది పెట్టినా దాదాపు అవే ఫ్రేములు వస్తాయి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్ ఆడేవాళ్లకు ఈ రెండూ అవసరానికి మించినవే. 240 హెర్ట్జ్ మానిటర్ కొని కౌంటర్-స్ట్రైక్ 2 పట్టుదలగా ఆడేవాళ్లకైతే క్యాష్ నిజంగా పనికొస్తుంది.

అందుకే బడ్జెట్ మొత్తం 1200 డాలర్ల దగ్గర ఉంటే నేను ఈ రెండింటినీ పక్కన పెడతాను. రైజెన్ 5 7600 అని 6 కోర్లది ఉంది. 2023 జనవరిలో 229 డాలర్లకు వచ్చింది, కూలర్ కూడా డబ్బాలోనే ఇస్తారు. అది తీసుకుని మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే ఆటల్లో లాభం ఎక్కువ. అది కూడా 7800ఎక్స్3డి పట్టే ఏఎం5 సాకెట్‌కే వస్తుంది కాబట్టి, రెండేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇంటి పనులకు, ఆఫీసు పనులకు

జూమ్ క్లాసులు, గూగుల్ డాక్స్, టాక్స్ ఫైలింగ్, రాత్రి ఓటీటీలో సినిమా. వీటిలో ఏది వేగమో మీరూ నేనూ కనిపెట్టలేం. తేడా వచ్చేది కోర్లన్నిటికీ పని పడినప్పుడు. కోర్లన్నీ వాడే సినీబెంచ్ ఆర్23 పరీక్షలో 7800ఎక్స్3డి 18 వేల చుట్టూ ఆగితే, 14700కె పూర్తి కరెంటు ఇస్తే 35 వేల దగ్గరికి వెళ్తుంది. అంటే దాదాపు రెట్టింపు. వర్చువల్ మెషీన్లు తెరిచి పనిచేసేవాళ్లకు, పెద్ద కోడ్ కంపైల్ చేసేవాళ్లకు, బ్లెండర్ నేర్చుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

వీడియో ఎడిటింగ్ విషయం ఇంకోటి చెప్పాలి. కూతురి అరంగేట్రం, కొడుకు గ్రాడ్యుయేషన్, తెలుగు సంఘం ఉగాది కార్యక్రమం అన్నీ ఎవరో ఒక అంకుల్ మంచి కెమెరాతో తీసి, ఇంట్లో కూర్చుని ఎడిట్ చేస్తుంటారు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లో రికార్డ్ చేయగలవు. ఇంటెల్ చిప్‌లోని క్విక్ సింక్ ఆ ఫైళ్లను నేరుగా చదువుతుంది, ప్రీమియర్‌లో టైమ్‌లైన్ నత్తనడక నడవదు. ఏఎండీ చిప్‌లోని చిన్న గ్రాఫిక్స్ ఆ పని చేయలేదు. ఎన్విడియా కార్డుల్లో ఈ సదుపాయం 50 సిరీస్ నుంచే వచ్చింది. అలాంటి ఇంట్లో నా ఓటు 14700కెకే. కొనేటప్పుడు పేరు చివర కె ఉందా, కెఎఫ్ ఉందా చూడండి. ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ పనిచేయవు, క్విక్ సింక్ కూడా ఉండదు. పది, ఇరవై డాలర్లు తగ్గిందని కెఎఫ్ తీసుకుని తర్వాత బాధపడేవాళ్లున్నారు.

వేడి, కరెంటు

ఆట నడుస్తున్నప్పుడు 7800ఎక్స్3డి సుమారు 50 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. 14700కె 100 దాటుతుంది, కొన్ని ఆటల్లో 150 కూడా దాటుతుంది. కోర్లన్నీ పనిచేస్తే దాని అధికారిక గరిష్ఠం 253 వాట్లు. బిల్లు లెక్క వేద్దాం. తేడా 80 వాట్లు అనుకుని రోజుకు మూడు గంటలు ఆడితే ఏడాదికి 88 యూనిట్లు. యూనిట్ 16 సెంట్లయితే 14 డాలర్లు, కాలిఫోర్నియాలోలా 35 సెంట్లు పడితే 31 డాలర్లు. ఇల్లు అమ్ముకునేంత ఖర్చేమీ కాదు. పైగా ఊరికే బ్రౌజింగ్ చేస్తూ, ఖాళీగా ఆన్‌లో ఉన్నప్పుడు తక్కువ తీసుకునేది ఇంటెలే. కాబట్టి "కరెంటు బిల్లు" అనే వాదనను నేను పెద్దగా పట్టించుకోను.

అసలు ఖర్చు కూలర్ దగ్గర వస్తుంది. 7800ఎక్స్3డికి 40 డాలర్ల గాలి కూలర్ చాలు. 14700కెని బిగించకుండా నడపాలంటే 360 ఎంఎం లిక్విడ్ కూలర్ అడుగుతుంది. మొదట్లో కనిపించిన 40 డాలర్ల ఆదా అక్కడే హరీ అంటుంది. టెక్సాస్‌లోనో అరిజోనాలోనో మేడమీది చిన్న బెడ్‌రూమ్‌లో తలుపు మూసుకుని ఆడే పిల్లల తల్లిదండ్రులకు ఈ వేడి సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

వాడినది కొంటుంటే జాగ్రత్త

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆటలు ఉన్నట్టుండి ఆగిపోవడం, కంప్యూటర్ క్రాష్ అవడం గురించి 2024లో పెద్ద గొడవే జరిగింది. మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని ఇంటెల్ ఆ జులైలో ఒప్పుకుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సరిచేసిన మైక్రోకోడ్ ఇచ్చింది. డబ్బాలో అమ్మిన చిప్‌ల వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. 14700కె ఆ జాబితాలో ఉంది. ముఖ్యమైన మాట ఏమిటంటే, ఆ అప్‌డేట్ ముందు ముందు దెబ్బతినకుండా కాపాడుతుంది తప్ప, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. కాబట్టి ఆఫీసు స్నేహితుడు అమ్ముతున్నా సరే, బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశాడో అడగండి. మొహమాటపడొద్దు. డబ్బా, బిల్లు కూడా అడిగి తీసుకోండి. డబ్బా లేకుండా ట్రే ప్యాకింగ్‌లో వచ్చిన వాటికి ఇంటెల్ నేరుగా బాధ్యత తీసుకోదు, అమ్మినవాళ్ల దగ్గరికే వెళ్లమంటుంది.

ఏఎండీ చరిత్ర కూడా కడిగిన ముత్యమేమీ కాదు. 2023 వసంతంలో కొన్ని మదర్‌బోర్డుల మీద 7800ఎక్స్3డిలు ఎస్ఓసీ వోల్టేజీ ఎక్కువై కాలిపోయాయి. తర్వాత ఆ వోల్టేజీని 1.3 దాటనివ్వకుండా బయోస్ అప్‌డేట్లు వచ్చాయి. అందుకే ఏది కొన్నా మొదటి పని బయోస్ అప్‌డేట్.

ముందు చూపు విషయంలో ఏఎండీదే పైచేయి. 14700కె పట్టే ఎల్‌జీఏ1700 సాకెట్ కథ ఆ తరంతోనే ముగిసింది, తర్వాతి చిప్‌లకు వేరే బోర్డు కావాలి. ఏఎం5కి 2027 వరకూ, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ వైపు ఉన్న ఒక సౌకర్యం ఏమిటంటే కొన్ని బోర్డులు పాత డీడీఆర్4 ర్యామ్ తీసుకుంటాయి. ఏఎం5కి డీడీఆర్5 తప్ప మరోటి పనికిరాదు. ఇంట్లో మంచి డీడీఆర్4 స్టిక్కులు పడి ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి.

నాలుగైదేళ్లలో తిరిగి ఇండియా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు పవర్ సప్లై మీద 100-240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసుకుని కొనండి. హైదరాబాద్, విజయవాడల్లో వచ్చేది 230 వోల్టులు. అలా రాసి ఉంటే తీగ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

మా ఇంట్లో అబ్బాయికి ఆటలే ప్రధానం కాబట్టి 7800ఎక్స్3డి తీసుకున్నాం, 6000 వేగం డీడీఆర్5 రెండు స్టిక్కులతో. నాలుగు స్టిక్కులు పెడితే ఈ బోర్డుల మీద ర్యామ్ వేగం తగ్గించాల్సి వస్తుంది. మొదటిసారి బటన్ నొక్కాక స్క్రీన్ నల్లగానే ఉండిపోయింది. పాడైపోయిందని నేను ప్లగ్ పీకబోతే, "ఆగండి నాన్నా, ర్యామ్‌ని పరీక్షించుకుంటోంది" అని వాడే నా చెయ్యి పట్టుకున్నాడు. కొన్ని నిమిషాలకు వచ్చింది. తీరా ఆట మొదలుపెడితే స్లైడ్‌షోలా నడిచింది. చూస్తే మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టింది నేనే. అది మార్చాక కూడా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ దగ్గరే ఉంది. దాన్ని 165కి మార్చాకే మేం పెట్టిన డబ్బు కంటికి కనిపించింది.