ఎండకు వాడని పువ్వు: గడ్డి గులాబి పూర్వకథ

నీరు చాలని పాఠశాల ఆవరణలో కూడ వేసవి పొడుగునా పూచే మొక్క గడ్డి గులాబి. టేబిల్ రోజ్ అని కూడ దీనిని పిలుస్తారు. దీని శాస్త్రీయనామం పోర్చులాకా గ్రాండిఫ్లోరా. మన ఇళ్ళలో పప్పులో వేసుకొనే గంగవాయిలి కూర, అనగా పోర్చులాకా ఒలరేసియా, ఈ ప్రజాతిలోనిదే. కూరమొక్క మనకు తరతరాలుగా తెలిసినదే. పూలమొక్క మాత్రం దూరదేశంనుండి వచ్చింది.

జాన్ గిల్లీస్ (1792–1834) అనే స్కాట్లండు వైద్యుడు అనారోగ్యంవల్ల పొడిగాలి కోరి దక్షిణ అమెరికా వెళ్ళి, అర్జెంటీనాలో ఆండీస్ పర్వతాల పాదాన ఉన్న మెండోజాలో కొన్ని సంవత్సరాలు నివసించాడు. అక్కడ ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. కరవుసీమగా పేరుపడిన మన అనంతపురం ప్రాంతంలోనైనా దానికి రెండింతలకు పైగా కురుస్తుంది. అటువంటి ఇసుకనేలమీద ఈ మొక్క విరివిగా పరచుకొని, నేలకే ఊదారంగు పులిమినట్లు పూయడం గిల్లీస్ గమనించాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన విలియం జాక్సన్ హుకర్ 1829లో దీనికి పేరుపెట్టి, కర్టిస్ బొటానికల్ మేగజైన్‌లో వర్ణించాడు. ఆ తరువాత ఇది అనేక దేశాల ఉద్యానవనాలకు ప్రాకింది. వియత్నాంలో దీనిని ‘పదిగంటల పువ్వు’ అంటారు. ఎండ బాగా ఎక్కినప్పుడే రేకులు విప్పడం దీని స్వభావం.

ఇంత సులభంగా వ్యాపించడానికి కారణం దాని కాయ. అది మూత ఉన్న కుంకుమ బరిణె వంటిది. పండగానే అడ్డంగా పగిలి మూత ఊడిపోతుంది. లోపలి సన్నని గింజలు చుట్టూ రాలుతాయి. అనుకూలమైన తడి తగిలినప్పుడు అవే మొలకెత్తుతాయి. ఒకసారి నాటినచోట మరుసటి ఏడు విత్తకుండానే మొక్కలు కనబడడం అందువల్లనే.

మరి, నీరు లేనిచోట ఇది ఎట్లా బ్రతుకుతుంది? దళసరి ఆకులలో నీటిని నిలవ చేసుకొంటుందని చూడగానే తెలుస్తుంది. కాని అసలు రహస్యం చాలకాలం మరుగుననే ఉండిపోయింది. హాచ్, స్లాక్ అనే శాస్త్రజ్ఞులు 1966లో చెరకు మొక్క బొగ్గుపులుసు గాలిని పట్టుకొనే ప్రత్యేక మార్గాన్ని వివరించారు. దానికి సి-4 మార్గమని పేరు. ఎడారిమొక్కలలో మరొక పద్ధతి ఉన్నది: రాత్రివేళ కర్బనాన్ని ఆమ్లరూపంలో దాచి, పగలు వాడుకోవడం. ఇది నీటిని పొదుపుచేస్తుంది. గడ్డి గులాబి ఆకులో సి-4 మార్గంతోపాటు, లోపలి రసభరితమైన కణజాలంలో ఈ రెండవ పద్ధతి లక్షణాలు కూడ ఉన్నట్లు 1981లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. గంగవాయిలి కూరలో, కరవు సమయాన, ఈ రెండు మార్గాలు వేరువేరుగా కాక ఒకే వ్యవస్థగా కలసి పనిచేస్తాయని 2022లో తేలింది. జొన్న, మొక్కజొన్న వంటి సి-4 పైరులకు కరవును ఓర్చుకొనే శక్తిని ఇవ్వడానికి ఇది దారి చూపవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ.

దీనిని పెంచడం విద్యార్థులకు కష్టం కాదు. ఎండ తగిలే, నీరు నిలువని ఇసుకపాటి నేలను ఎన్నుకోవాలి. గింజలు మిక్కిలి సన్ననివి గనుక ఇసుకతో కలిపి పైపైన చల్లితే చాలు. మొలకెత్తడానికి వాటికి వెలుతురు కావాలి కనుక లోతుగా మట్టి కప్పరాదు. మొలకలు నిలదొక్కుకొనేవరకు తేలికగా తడిపి, తరువాత నీరు తగ్గించాలి. నీరెక్కువైతే వేళ్ళు కుళ్ళిపోతాయి. ముద్దపూల మొక్కల గింజలనుండి ఒంటిరేకుల పూలు కూడ రావచ్చును. అదే రకం నిలవాలంటే కొమ్మముక్కలు నాటుకోవాలి.

ప్రక్కనే ఒక గంగవాయిలి మొక్కను కూడ పెంచి, రెండింటి ఆకులను, కాయలను పోల్చి చూపితే వృక్షశాస్త్ర పాఠానికి అంతకంటె చవకైన సాధనం ఉండదు. మెండోజా ఇసుకలో పుట్టినదానికీ, మన పొలంగట్టున మొలిచేదానికీ గల చుట్టరికం మూత ఊడిన ఆ చిన్న కాయలోనే కనబడుతుంది.